రెండో రేడియో

చచ్చిపోయినవాడి చేతిలో స్క్రూడ్రైవర్ ఇంకా అలాగే ఉంది.

బల్ల మీద సగం విప్పిన హెలికాప్టర్. మనుషులెక్కేది కాదు, మనిషి చంకలో పెట్టుకుని నడిచి వెళ్ళగలిగేది. బల్ల కింద దాని మెకానిక్ కమ్ పైలట్. వీపులో ఒకే ఒక బుల్లెట్. పక్క షాపువాళ్ళకి చప్పుడు కూడా వినిపించలేదంటే సైలెన్సర్ వాడారన్నమాట.

"తలుపు పగలగొట్టలేదు. పెనుగులాట లేదు. కుర్చీ కూడా కదల్లేదు," అన్నాడు ఏజెంట్ పిచ్చుక లేచి మోకాళ్ళు దులుపుకుంటూ. "ఎవడో తెలిసినవాడే వచ్చాడు. ఇతను వీపు తిప్పి పని చేసుకుంటున్నాడు."

"ఎవరైనా తెలిసినవాళ్ళకే కదరా వీపు తిప్పుతారు," అన్నాడు చీఫ్.

పిచ్చుక అన్నది డిపార్ట్‌మెంట్ పెట్టిన కోడ్ నేమ్. అందులో ఛేదించాల్సిన రహస్యమేమీ లేదు. పొట్టి, సన్నం, ఎక్కడ వాలినా ఎవరూ పట్టించుకోని రూపం. గూఢచారికి అంతకన్నా కావలసిందేముంది? ఉద్యోగం ఇప్పించినవాడు చీఫే. ఆ చీఫ్ అతనికి అక్క మొగుడు. ఆఫీసులో చీఫ్, ఇంట్లో బావగారు. తల్లి పోయాక పిచ్చుకని అక్కే పెంచింది కాబట్టి, అక్క ఏరి చేసుకున్న మనిషి మాటంటే అతనికి పై కోర్టు తీర్పు. "సరే బావా" అనడమే గానీ మరో మాట అతని నోట ఎన్నడూ రాలేదు.

కారు అద్దాలు ఎత్తేసి బ్రీఫింగ్ మొదలుపెట్టాడు చీఫ్.

"మీ అక్క రాడార్ సంగతి తెలుసుగా?"

తెలియకపోవడమేమిటి! ఆ ఇంట్లో కొన్నేళ్ళుగా వేరే మాట లేదు. అక్క రక్షణ శాఖలో సైంటిస్టు. సరిహద్దు దాటి చెట్ల ఎత్తులో దూసుకొచ్చే బుల్లి హెలికాప్టర్లు ఏ రాడార్‌కీ చిక్కడం లేదు. విదేశీ ముఠా ఒకటి వాటితోనే ఆయుధాలు ఇటూ, రహస్యాలు అటూ చేరవేస్తోంది. ఆ ఆట కట్టించే రాడార్ కోసం ఆవిడ జుట్టు నెరిసిపోయింది. దాని ప్రాణమంతా కొన్ని లెక్కల్లో ఉంది. ఆ లెక్కలు ఆవిడ బుర్రలో తప్ప ఎక్కడా లేవు.

"డెమో రోజున మంత్రులు, జనరల్స్ అంతా వస్తారు. మైదానంలో ఒక చిన్న హెలికాప్టర్ టార్గెట్‌గా ఎగరాలి. దాన్ని ఎగరేయాల్సింది ఇందాక నువ్వు చూసిన శవం." చీఫ్ గొంతు తగ్గించాడు. "వాడి స్థానంలోకి ముఠా తన మనిషిని దూరుస్తుంది. ఆ హెలికాప్టర్‌కే బాంబు కట్టి మీ అక్క మీదికి తోలుతుంది. అందుకని పైలట్ మనవాడై ఉండాలి. మనవాడంటే డిపార్ట్‌మెంట్ వాడు కాదు. నా ఇంటివాడు."

పిచ్చుక ఛాతీ రెండంగుళాలు ఉబ్బింది. అతని సైజుకి అది చాలా ఎక్కువ.

"కానీ నాకు కాగితం విమానం ఎగరేయడం కూడా రాదు బావా."

"చీఫ్."

"రాదు, చీఫ్."

"నేర్చుకో. ఊరి చివర మూతపడ్డ నూలు మిల్లు గోడౌన్‌లో ఒకావిడ స్కూలు నడుపుతోంది. ఎగరేయడం, విప్పడం, బిగించడం అన్నీ నేర్పుతుంది. డబుల్ ఏజెంట్. ముఠా జీతం తింటూ మనకి కబుర్లు చెబుతోంది."

"నమ్మొచ్చా?"

"నేను నమ్మాను. చాలదా?"

చాలింది. పిచ్చుకతో వచ్చిన చిక్కల్లా అదే.

* * *

మారువేషం తేలికైనదే. కళ్ళజోళ్ళ షాపు ఓనరు, డాక్టరు టెన్షన్ తగ్గించుకోమంటే హాబీ వెతుక్కుంటున్నవాడు. ఒత్తయిన పెట్టుడు మీసం. చొక్కా రెండో గుండీలో మైకు, మూడో గుండీలో కెమెరా, చెవిలో కందిగింజంత స్పీకరు.

గోడౌన్ తలుపు దగ్గర కోడ్ మాటలు మార్చుకున్నారు.

"రోటర్ మోత వింటే నాకు నిద్ర ముంచుకొస్తుందండీ," అన్నాడు పిచ్చుక.

"నాకు మోత ఆగిపోతేనే నిద్ర పట్టదు. రండి," అందామె.

ఇలాంటి కథల్లో ఇక్కడ ఆమె అందం మీద రెండు పేజీలు ఉండాలి. అంత ఓపిక లేదు గానీ, ఆమె నల్ల కళ్ళద్దాలు తీసి చూడగానే పిచ్చుక తనకి కళ్ళజోళ్ళ షాపు ఉందన్న సంగతి కూడా మర్చిపోయాడు. అది చాలు. ఎర్రటి లిప్‌స్టిక్. మోచేతుల దాకా మడిచిన చొక్కా. పొట్టిగా కత్తిరించుకున్న గోళ్ళ కింద నల్లటి గ్రీజు. అందరూ ఆమెని మేడమ్ అనేవారు. పిచ్చుకా అలాగే అన్నాడు.

గోడౌన్ పొడుగునా రెండు బల్లలు. ఒకదాని మీద బ్లేడ్లు, బేరింగులు, అగ్గిపుల్ల తలంత స్క్రూలు ఉన్న ప్లాస్టిక్ డబ్బాలు. ఇంకోదాని మీద ఛార్జర్లు. వెనక తలుపు తీస్తే పాత లారీలు ఆగే సిమెంటు ఆవరణ. అదే వాళ్ళ ఆకాశం.

మొదటి రోజే పరువు పోయింది. హెలికాప్టర్ పైకి లేవగానే బ్లేడ్ల గాలికి పెట్టుడు మీసం ఒక పక్క ఊడి, చెంప మీద రెపరెపలాడింది.

"ఆ గమ్ము పనికిరాదు," అందామె ముఖంలో ఏ మార్పూ లేకుండా. "ఇనుముని ఇనుముకి బిగించేటప్పుడు ప్రతి స్క్రూకీ ఈ నీలం గమ్ము ఒక చుక్క పెట్టాలి. లేకపోతే అదురుకి దానంతటదే ఊడొస్తుంది. మీసాలకి పనిచేస్తుందో లేదో మాత్రం నాకు తెలీదు."

పిచ్చుక మీసం పీకి జేబులో పెట్టుకున్నాడు. మర్నాటి నుంచి పెట్టుకోలేదు.

నేర్చుకోవడం అంత నరకం ఇంకోటి లేదు. కుడి చెయ్యి సరిచేస్తే ఎడమ చెయ్యి చెడగొడుతుంది. హెలికాప్టర్ తోక మనవైపు ఉన్నంతసేపూ బుద్ధిగానే ఉంటుంది. ముక్కు తిప్పి మన ముఖంలోకి చూడటం మొదలుపెట్టిందంటే కుడి ఎడమవుతుంది, ముందు వెనకవుతుంది. అలా ఎదురు తిరిగిన ప్రతిసారీ పిచ్చుక దాన్ని నేలకేసి కొట్టాడు. కొట్టిన ప్రతిసారీ తనే విప్పి, వంగిన షాఫ్టు మార్చి, బ్లేడ్లు బరువు తూచి, బ్లేడ్లని వంచే సన్నటి కడ్డీలు ఒక్కొక్కటీ వేలితో కదిపి చూసి, మళ్ళీ నిలబెట్టాడు. ఆమె పక్కనే స్టూలు మీద కూర్చుని టీ తాగుతూ తప్పులు చెప్పేది.

ఎగరేసేటప్పుడు మాత్రం ఆమె మెడలో ఒక రేడియో, అంటే రెండు స్టిక్కులున్న రిమోట్ పెట్టె, అతని మెడలో ఒకటి.

"రెండింటికీ లింక్ ఉంటుంది. ఈ స్విచ్ నేను నొక్కి పట్టుకున్నంతసేపూ మిషన్ నీ మాట వింటుంది. వేలు తీశానంటే నా మాట వింటుంది. నువ్వు తలకిందులు చేసేలోపు నేను లాక్కుంటా. భయపడకు."

అప్పటికి 'మీరు' పోయి 'నువ్వు' వచ్చింది. పిచ్చుక అది గమనించాడు. గమనించి సంతోషించాడు కూడా.

అతనికి ఒక్క విషయం మాత్రం ఎంతకీ తలకెక్కలేదు. ముందు రేడియో ఆన్ చెయ్యాలి, తర్వాతే హెలికాప్టర్‌కి బ్యాటరీ తగిలించాలి. ఆత్రంలో ఎప్పుడూ తిరగేసేవాడు.

"మళ్ళీనా?" ఆమె నెత్తి కొట్టుకునేది. "చూడు, నా రేడియో, నీ రేడియో రెండూ ఆఫ్‌లో ఉన్నాయి, శవంలా పడుంది. తన రేడియో ఎక్కడుందో దొరికేదాకా ఇది ఉలకదు, పలకదు. దొరికితేనే రోటర్ కింది పళ్ళెం కిందా మీదా తలాడిస్తుంది. యజమానికి దండం పెడుతోందన్నమాట. ఆ దండం చూడకుండా ఎప్పుడూ ఎగరేయకు."

ఇంకో రోజు, వాడేసిన బ్యాటరీని మళ్ళీ తగిలించబోతుంటే చెయ్యి పట్టుకుంది.

"మీటర్లో వోల్టేజ్ బానే ఉంది మేడమ్."

"ఎగిరి దిగిన బ్యాటరీని కాసేపు వదిలేస్తే అలా బాగున్నట్టే కనిపిస్తుంది. అది అబద్ధం. బరువెత్తగానే చతికిలబడుతుంది, మోటార్ దానంతటదే ఆగిపోతుంది. వాడినవాటికి ఎర్ర టేపు చుట్టి పక్కన పడెయ్."

"గాల్లో మోటార్ ఆగిపోతే పనైపోయినట్టేనా?"

"ఏం కాదు. ఎడం స్టిక్ వెంటనే కిందికి లాగితే, పడే గాలికే బ్లేడ్లు తిరుగుతూ ఉంటాయి. కావలసిన చోటికి తోలుకెళ్ళి మెల్లగా దించుకోవచ్చు. బెదిరిపోయి స్టిక్ పైకి తోశావో, బ్లేడ్లలో ఉన్న ఊపంతా ఒక్క క్షణంలో అయిపోతుంది. అప్పుడిక నేను లాక్కున్నా చేసేదేం ఉండదు."

ఆ చెయ్యి వదలడానికి ఆమె కొంచెం ఆలస్యం చేసింది. పిచ్చుక కూడా తొందరపెట్టలేదు.

మధ్యలో గూఢచర్యమూ సాగింది. ముఠా కొరియర్లు ఇద్దరు స్పేర్ పార్టుల కోసం వచ్చినట్టు గోడౌన్‌కి వస్తారని ఆమె కబురిచ్చింది. పిచ్చుక గుండీ కెమెరాతో ఫోటోలు తీశాడు. మర్నాడే ఇద్దరూ దొరికిపోయారు. చీఫ్ భుజం తట్టాడు. అక్క ఇంటికి పిలిచి మరీ వడ్డించింది.

"వీణ్ణి ఎక్కడికి పంపుతున్నారో నాకు చెప్పరు. చేతుల నిండా గ్రీజు. ఏదైనా గ్యారేజీలో పెట్టారా ఏంటి?" అని మొగుణ్ణి అడిగింది.

"నీ కోసమే పెట్టాన్లే," అన్నాడు బావ నవ్వుతూ.

ముగ్గురూ నవ్వారు.

* * *

డెమో ముందురోజు సాయంత్రం గోడౌన్ ఖాళీగా ఉంది. బల్ల మీద డబ్బాలు లేవు. మేడమ్ సూట్‌కేసు పక్కన నిలబడి ఉంది.

"ముఠాకి నా మీద అనుమానం వచ్చింది. వెళ్ళిపోతున్నా. చీఫే టికెట్ ఇప్పించాడు. ఇంకో గంటలో విమానం." హెలికాప్టర్ని రెండు చేతులా ఎత్తి అతనికిచ్చింది. "లింక్ తీసేశాను. ఇప్పుడు దీని రిసీవర్‌కి తెలిసింది నీ రేడియో ఒక్కటే. ఇక నీ మాట తప్ప ఎవరి మాటా వినదు."

"మళ్ళీ ఎప్పుడు?" అన్నాడు పిచ్చుక. ఏజెంట్ అడగాల్సిన ప్రశ్న కాదది.

ఆమె కళ్ళద్దాలు తీసి అతని చొక్కా జేబులో పెట్టింది. "షాపులో అమ్ముకో," అంది.

పిచ్చుక వాటిని చాలాసేపు చేత్తో పట్టుకుని నిలబడ్డాడు. ఆవరణలో గాలి కూడా లేదు. ఎగరేయడానికి మంచి సాయంత్రం.

* * *

మైదానం కిటకిటలాడుతోంది. ఒక చివర స్టేజీ, దాని పక్కన రాడార్ డిష్. ఇంకో చివర పైలట్ నిలబడే తెల్ల గీత. ఆ రెంటికీ మధ్య టార్గెట్ ఎగరడానికి తాళ్ళు కట్టి ఖాళీగా ఉంచిన గడ్డినేల. స్టేజీ మీద అక్క కనిపిస్తోంది. ఎప్పుడూ కట్టుకోని పట్టుచీర కట్టుకుని, మాటిమాటికీ కొంగు సర్దుకుంటోంది. ఇటు చూసి చెయ్యి ఊపింది. పిచ్చుక ఊపాడు. అతని వెనకే నిలబడ్డ చీఫ్ కూడా ఊపాడు.

"దగ్గరుండి చూసుకుంటా," అన్నాడు చీఫ్. అతని వెనక మఫ్టీలో ఇద్దరు తుపాకీవాళ్ళు.

పొద్దున ఉత్త మిషన్‌తో టెస్ట్ ఫ్లైట్ అయింది. ఆ బ్యాటరీకి ఎర్ర టేపు చుట్టి పెట్టెలో పడేశాడు. తర్వాత చీఫ్ స్వయంగా ఒక సీలు వేసిన డబ్బా తెచ్చి హెలికాప్టర్ పొట్టకి బిగించాడు. రాడార్‌కి బాగా కనపడటానికి రిఫ్లెక్టర్ అట.

"మొదలుపెట్టు," చెవిలో మాట.

అక్క వైపు చూస్తూనే పిచ్చుక కొత్త బ్యాటరీ తగిలించాడు. తగిలించాక గుర్తొచ్చింది. రేడియో ఆన్ చెయ్యలేదు. మళ్ళీ అదే తప్పు. ఛీ అనుకుంటూ మెడలో రేడియో మీద చెయ్యి వేశాడు.

హెలికాప్టర్ దండం పెట్టింది.

రోటర్ కింది పళ్ళెం కిందా మీదా తలాడించి, నిటారుగా నిలబడింది. అతని రేడియో ఆఫ్‌లో ఉంది. దండం అతనికి కాదు.

పిచ్చుక రేడియో మీంచి చెయ్యి తీశాడు. దీని యజమాని రేడియో ఇంకోటుంది. అది ఇక్కడే, ఈ మైదానం కనిపించే చోటే ఉంది. లింక్ తియ్యలేదు. ఆమె ఏ విమానమూ ఎక్కలేదు. స్విచ్ మీద వేలు పెట్టుకుని ఎక్కడో నిలబడి ఉంది.

ఆమె మోసం చేసిందని అర్థం కావడానికి ఒక క్షణం పట్టింది. రెండోది అర్థం కావడానికి ఇంకాస్త పట్టింది, ఎందుకంటే మనసు ఒప్పుకోలేదు. టికెట్ ఇప్పించింది చీఫ్. డబ్బా బిగించింది చీఫ్. ఆ మెకానిక్ ఏ తెలిసినవాడికి వీపు తిప్పాడో ఇప్పుడు తెలిసింది.

డబ్బా కింద వేళ్ళు పెట్టి చూశాడు. రిఫ్లెక్టరంటే రేకు ముక్కలు. ఇది ఇటుకలా ఉంది.

పథకం మొత్తం కళ్ళ ముందు నిలబడింది. మైదానమంతా చూస్తుండగా ఎగరేసేవాడు తను. స్టేజీ దగ్గరికి చేరగానే వేలు తీసి లాక్కుని, అక్క మీదికి తోలేది ఆమె. తోడబుట్టినదాన్ని చంపిన తమ్ముణ్ణి అక్కడికక్కడే కాల్చి పతకం తీసుకునేవాడు బావ. ఈ కొన్ని వారాల చదువంతా ఇందుకే. హెలికాప్టర్ నేర్పించింది ఎగరేయడానికి కాదు, నేరం మోయడానికి. తడిగుడ్డతో గొంతు కోయడమంటే ఇదే.

ఏడవాలనిపించింది. అంత తీరిక లేదు.

ప్లగ్ పీకేస్తే? వెనక రెండు తుపాకులు. డబ్బా ఇక్కడే పేలిందంటే పక్కనున్న కెమెరావాళ్ళు కూడా పోతారు. పైగా రేపు ఇంకో దారిలో అక్కని చంపుతారు. బావ అలాంటివాడని చెబితే అక్క చెంప పగలగొడుతుంది.

"ఏంటి ఆలస్యం?" అన్నాడు చీఫ్.

"ప్లగ్ వదులుగా ఉంది, చీఫ్. ఇంకోటి పెడతా."

పిచ్చుక పెట్టె మీదికి వంగాడు. వీపు అడ్డంపెట్టి, ఎర్ర టేపు చుట్టిన బ్యాటరీ తీశాడు. టేపు గోటితో ఊడదీశాడు. పొద్దున్నుంచి విశ్రాంతి తీసుకుంది కాబట్టి మీటరు బానే ఉన్నట్టు చూపించింది. ఆమె రేడియో తెర మీదా అలాగే కనిపిస్తుంది. అబద్ధమాడే వంతు ఇప్పుడు తనది.

ఈసారి ముందు రేడియో ఆన్ చేశాడు. తర్వాత బ్యాటరీ. దండం. బ్లేడ్లు కదిలాయి, మోత పెరిగింది, గడ్డి వెనక్కి వాలింది. హెలికాప్టర్ లేచింది. స్టిక్ అతని మాట వింటోంది. అంటే ఎక్కడో ఆమె వేలు స్విచ్ మీదే ఉంది.

జనం చప్పట్లు కొట్టారు.

దాన్ని తిన్నగా స్టేజీ వైపు పోనివ్వలేదు. పైకి లేపాడు. దించాడు. మళ్ళీ లేపాడు. కింద ఇటుక బరువు, అందులోనూ పైకి లేవడానికి అయినంత కరెంటు ఇంకే పనికీ కాదు. ఎంత తాగితే అంత మంచిది. తాగు తల్లీ, తాగు.

"విన్యాసాలొద్దు. స్టేజీ వైపు పోనీ," అన్నాడు చీఫ్. గొంతు చెవిలోనూ వినపడింది, వెనకనుంచీ వినపడింది.

"సరే బావా."

ఆ మాట ఇంత చేదుగా ఉంటుందని అతనికి తెలీదు.

హెలికాప్టర్ గడ్డినేల మీదుగా సాగింది. మైకులో ఎవరో రాడార్ దాన్ని పసిగట్టిందని ప్రకటించారు. అక్క తెర వంక చూసి, చిన్నపిల్లలా చేతులు జోడించి నవ్వింది. మోత సన్నగా మారలేదు. బ్యాటరీ ఇంకా చావలేదు. సగం దూరం దాటింది. ఇంకాసేపట్లో ఆమె వేలు తీస్తుంది. పిచ్చుక నుదుటి చెమట కంట్లోకి కారింది. తుడుచుకోవడానికి చెయ్యి ఖాళీ లేదు. ఆఖరిసారి పైకి లేపాడు.

మోత బొంగురుపోయింది.

ఆ మరుక్షణం మోటార్ ఆగింది. మైదానమంతా నిశ్శబ్దం. పిచ్చుక వేళ్ళు అలవాటుకొద్దీ స్టిక్ కిందికి లాగబోయాయి. అన్ని వారాల పాఠం వేళ్ళలో ఉంది మరి. పళ్ళు బిగించి, ఆ పాఠానికి ఎదురు తిరిగి, స్టిక్ చివరంటా పైకి తోశాడు.

బ్లేడ్ల ఊపు ఒక్కసారిగా ఖర్చయిపోయింది. తిరిగే చక్రం విడివిడి రెక్కలుగా కంటికి కనపడింది. సరిగ్గా అప్పుడే హెలికాప్టర్ ముక్కు స్టేజీ వైపు వాలింది. అతను వాల్చలేదు. ఆమె లాక్కుంది. లాక్కుని ఉన్న విద్యంతా చూపించింది. ముక్కు సరిచేసింది, తోక తిప్పింది. కానీ చచ్చిన బ్లేడ్లతో ఏం చేస్తుంది? అది స్టేజీ ఇవతల ఖాళీ గడ్డిలో రాయిలా పడింది.

పేలింది. మట్టి తాటిచెట్టంత ఎత్తు లేచింది. స్టేజీ మీద పూలకుండీలు దొర్లాయి. మంత్రులు బల్లల కింద దూరారు. అక్క ఒక్కత్తే ఎక్కడున్నదక్కడే నిలబడిపోయింది.

"ద్రోహీ!" అని అరిచాడు చీఫ్, ఆ మాట అనడానికి ఏ మొహమాటమూ లేకుండా. పిస్టల్ తీశాడు.

పిచ్చుక మెడలో రేడియో తీసి, దాని పట్టీ పట్టుకుని గిర్రున తిప్పి కొట్టాడు. పిస్టల్ మేఘాలకి గురిపెట్టి పేలి, గడ్డిలో పడింది. మఫ్టీవాళ్ళు తుపాకులెత్తేలోపే మైదానం కాపలా సైనికులు చుట్టుముట్టారు. వాళ్ళ కెప్టెన్‌కి వీళ్ళలో ఎవరు మంచివాళ్ళో అర్థం కాలేదు. తెలివైనవాడు కాబట్టి అందర్నీ పట్టుకోమన్నాడు.

"నన్ను తర్వాత కాల్చండి సార్! రెండో పైలట్ ఉంది. ఎండకి వీపు పెట్టి నిలబడే చోటు వెతకండి. సూర్యుడికి ఎదురు నిలబడి ఎవరూ ఎగరెయ్యరు!"

సూర్యుడున్న వైపు ఒకే ఒక మేడ ఉంది. పాత టికెట్ ఆఫీసు. ఆ డాబా మీద ఆమె దొరికింది. పారిపోవడానికి కావలసినంత టైముంది, పారిపోలేదు. చేతుల్లో రేడియో, చూపు గడ్డిలో పొగ చిమ్ముతున్న ముక్కల మీద. మిషన్ ఆఖరి ముక్క కదలడం మానేదాకా కళ్ళు తిప్పకూడదని ఆమెకి అలవాటు. సైనికుడు భుజం మీద చెయ్యి వేసేదాకా ఆమెకి ఎవరో వచ్చినట్టే తెలియలేదు.

పిచ్చుక ముందునుంచే తీసుకెళ్ళారు.

"మోటార్ ఆగితే స్టిక్ కిందికి లాగమన్నాను కదా," అందామె. నిజంగానే చిరాకుపడింది.

"అన్నారు మేడమ్. మిగతావి కూడా చాలా అన్నారు."

పిచ్చుక జేబులోంచి నల్ల కళ్ళద్దాలు తీసి ఆమె చేతిలో పెట్టాడు. ఎండ బాగా ఉంది, బేడీలతో చెయ్యి అడ్డం పెట్టుకోలేదు కదా.

డబ్బా బిగించింది చీఫేనని కెమెరాల్లో కనపడటంతో అతన్ని జీపు వెనక కూర్చోబెట్టారు. పిచ్చుక వెళ్ళి ఎదురుగా నిలబడ్డాడు. పుట్టి బుద్ధెరిగాక మొదటిసారి అతన్ని 'నువ్వు' అన్నాడు.

"ఎందుకు చేశావు?"

"ఇరవయ్యేళ్ళుగా ఏ గదిలోకి వెళ్ళినా సైంటిస్టుగారి భర్తనేరా. ముఠావాళ్ళు ఒక్కళ్ళే నా పేరు పెట్టి పిలిచారు."

"అది నీకూ అక్కకీ మధ్య. నన్నెందుకు వాడుకున్నావు?"

బావ అతని వైపు చూశాడు. ఆ చూపులో కోపం లేదు, సిగ్గూ లేదు. లెక్క చెబుతున్నట్టు చెప్పాడు.

"నువ్వు ఏదీ అడగవు కాబట్టి. ఏం చెప్పినా 'సరే బావా' అంటావు. నీ అంత వీలైనవాడు డిపార్ట్‌మెంట్‌లో ఇంకెవడున్నాడు?"

బుల్లెట్ తగిలినా పిచ్చుక అంత తూలేవాడు కాదు. జీపు వెళ్ళిపోయాక కూడా చాలాసేపు దాని చక్రాల గుర్తుల మధ్యే నిలబడ్డాడు.

అక్క అతన్ని వెతుక్కుంటూ వచ్చింది. పట్టుచీర నిండా మట్టి. ఎవరో చెప్పేసినట్టున్నారు, ముఖంలో రక్తం లేదు. అతని రెండు చేతులూ పట్టుకుని తిప్పి తిప్పి చూసింది, చిన్నప్పుడు ఆడుకుని వచ్చాక దెబ్బలేమైనా తగిలాయేమోనని చూసినట్టు. తర్వాత తాళ్ళు కట్టిన గుంజకి ఆనుకుని నేలమీదే కూర్చుంది. తమ్ముడు పక్కన కూర్చున్నాడు. ఇద్దరూ కొంతసేపు ఏడ్చారు. అక్క గట్టిగా, తమ్ముడు చప్పుడు లేకుండా.

"పిట్టంత మిషన్ని కొండ అవతల నుంచి పట్టుకుంటుందిరా నా రాడార్," అందావిడ ముక్కు చీది. "ఇరవయ్యేళ్ళు పక్కన కూర్చుని భోంచేసినవాణ్ణి పట్టుకోలేకపోయాను."

"నేనూ పట్టుకోలేదక్కా. ఇద్దర్ని."

అక్క డిష్ వైపు చూసింది. దాన్ని ఆపడం అందరూ మర్చిపోయారు. అది ఇంకా బుద్ధిగా గుండ్రంగా తిరుగుతూనే ఉంది.

"మరీ దగ్గరగా ఉన్నదాన్ని ఏ రాడారూ చూడలేదురా. ఆ లోపం అన్నిటికీ ఉంటుంది." కొంగుతో కళ్ళు తుడుచుకుని లేచింది. "వచ్చే ఏడాది దానికి కూడా బడ్జెట్ అడుగుతాను."